నంబరు మనదే, కంపెనీ మారొచ్చు

పదిహేనేళ్ల కిందటి దాకా మన ప్రాంతంలో ఫోన్ నంబరు మొదటి నాలుగంకెలు చూస్తే అది ఏ కంపెనీదో తెలిసిపోయేది. 9848 అంటే ఐడియా, 9849 అంటే ఎయిర్‌టెల్, 9885 అంటే హచ్, 9440 అంటే బీఎస్‌ఎన్‌ఎల్. ఇప్పుడు ఆ లెక్క పనిచేయదు. పాత 9848 నంబరు జియోలో ఉండొచ్చు, పాత 9440 నంబరు ఎయిర్‌టెల్‌లో ఉండొచ్చు. కంపెనీలు తమంతట తాము కోరుకున్న మార్పు కాదిది. నంబరు కంపెనీదా, వాడుకునేవాడిదా అన్న ప్రశ్నకు చాలా ఏళ్లు పట్టి వచ్చిన జవాబు.

దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జులై 31న మోగింది. కలకత్తా నుంచి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ రోజుల్లో నిమిషానికి ధర 16 రూపాయల 80 పైసల దాకా ఉండేది. మనం చేస్తేనే కాదు, ఎవరైనా మనకు చేసినా డబ్బు కట్టాల్సిందే. దేశాన్ని సర్కిళ్లుగా విడగొట్టి ఒక్కో సర్కిల్లో ఇద్దరికి లైసెన్సులిచ్చారు. ఆంధ్రప్రదేశ్ సర్కిల్ టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్ చేతికి వచ్చింది. తర్వాత మొదటిది ఐడియాలో, రెండోది ఎయిర్‌టెల్‌లో కలిసిపోయాయి. ఎంచుకోవడానికి రెండే సంస్థలు, రెండిటి ధరలూ దాదాపు ఒకటే. పోల్చి చూసుకోవాలన్న ఆలోచనకే చోటు లేదు.

2002లో బీఎస్‌ఎన్‌ఎల్ మొబైల్ రంగంలోకి దిగింది. ఆ ఏడాది చివర్లో రిలయన్స్ వచ్చింది. 2003 మే నుంచి ఇన్‌కమింగ్ ఉచితమైంది. 2009లో టాటా డొకొమో సెకను లెక్కన బిల్లు వేయడం మొదలుపెడితే మిగతావాళ్లూ అదే దారి పట్టక తప్పలేదు. దుకాణం ముందు రోజుకో కొత్త పోస్టరు కనిపించేది. అయినా జనం పాత కంపెనీని వదల్లేదు. ధర తక్కువని తెలిసీ, పక్కింటివాళ్ల ఫోన్‌లో సిగ్నల్ బాగుందని చూసీ వదల్లేదు. కారణం నంబరే.

ఊళ్లలో గోడల మీద 'బోరు వేయబడును' అని రాసి కింద రంగుతో నంబరు వేయించుకున్న మనిషి కంపెనీ ఎలా మారతాడు? ఆటో వెనక, మెడికల్ షాపు బోర్డు మీద, శుభలేఖ అడుగున, వకీలు విజిటింగ్ కార్డు మీద, ప్రతిచోటా అదే నంబరు. దాన్ని వదులుకుంటే కొంత వ్యాపారం, కొన్ని పరిచయాలు పోతాయి. రెండో సిమ్ కొనుక్కుని రెండు ఫోన్లు మోసినవాళ్లున్నారు. తర్వాత వచ్చిన డబుల్ సిమ్ ఫోన్లకు మన దేశంలో అంత గిరాకీ ఉండటానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం: ఒక సిమ్ నంబరు కోసం, ఇంకొకటి చవక కోసం. కంపెనీలకు ఈ సంగతి బాగా తెలుసు. నంబరు తమ దగ్గరున్నంత కాలం, సిగ్నల్ సరిగా లేకపోయినా కస్టమర్ పోడు.

ఈ ముడి మొదట విప్పింది అమెరికాలో, అదీ మొబైల్‌కు కాదు. అక్కడ వ్యాపార సంస్థలు 800తో మొదలయ్యే ఉచిత నంబర్లను ప్రకటనల్లో వాడి జనానికి కంఠతా వచ్చేలా చేసేవి. ఆ నంబరు పోతుందన్న భయంతోనే ఏళ్ల తరబడి ఒకే టెలిఫోన్ కంపెనీకి కట్టుబడి ఉండేవి. 1993లో ఆ నంబర్లను వేరే కంపెనీకి తీసుకుపోయే వీలు కల్పించారు. 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం ఆ సూత్రాన్ని మామూలు ఫోన్లకూ విస్తరించింది. మొబైల్ కంపెనీలు మాత్రం వాయిదాలు కోరుతూ, కోర్టుకెక్కుతూ నెట్టుకొచ్చాయి. చివరికి 2003 నవంబరు 24న పెద్ద నగరాల్లో మొబైల్ నంబర్లకూ ఆ వీలు మొదలైంది. అప్పటికే సింగపూర్ 1997లో, హాంకాంగ్, బ్రిటన్ 1999లో అదే మొబైల్ నంబరుతో కంపెనీ మారే పద్ధతిని ప్రారంభించాయి. మన పక్కనున్న పాకిస్తాన్ కూడా 2007లోనే మొదలుపెట్టింది.

మన దగ్గర టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006 మార్చిలో ఈ హక్కు ఇవ్వాలని సిఫార్సు చేసింది. అక్కడి నుంచి అమలు దాకా దాదాపు అయిదేళ్లు పట్టింది. మార్గదర్శకాలు 2008లో, నిబంధనలు 2009 సెప్టెంబరులో వచ్చాయి. దేశాన్ని రెండు జోన్లు చేసి, ఎవరి నంబరు ఏ కంపెనీలో ఉందో చెప్పే డేటాబేస్ నడిపే పనిని రెండు సంస్థలకు అప్పగించారు. ఉత్తర, పశ్చిమ ప్రాంతాలు ఒకరికి, ఆంధ్రప్రదేశ్‌తో సహా దక్షిణ, తూర్పు ప్రాంతాలు ఇంకొకరికి. ప్రారంభ తేదీ ఒకటికి నాలుగుసార్లు వాయిదా పడింది. 2010 నవంబరు 25న హర్యానాలో మొదలై, 2011 జనవరి 20న ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా దేశమంతటికీ వచ్చింది.

అయిదేళ్లు ఎందుకు పట్టిందో అర్థం కావాలంటే తెర వెనక జరిగే పని కాస్త తెలియాలి. మునుపు 9849 నంబరుకు కాల్ చేస్తే ఆ అంకెలే దారి చూపేవి, కాల్ నేరుగా ఎయిర్‌టెల్ స్విచ్‌కు పోయేది. నంబరు కంపెనీ మారాక ఆ దారి తప్పుదారి అవుతుంది. దీన్ని సరిచేయడానికి రెండు పద్ధతులున్నాయి. ఇల్లు మారినవాళ్ల ఉత్తరాన్ని పాత చిరునామాకే పంపి, అక్కడి పోస్ట్‌మ్యాన్ చేత కొత్త చిరునామా రాయించి మళ్లీ పంపడం ఒకటి. ఉత్తరం డబ్బాలో వేయకముందే అసలు చిరునామా కనుక్కుని రాయడం రెండోది. బ్రిటన్ మొదటి పద్ధతిని ఎంచుకుంది. మన దేశం రెండోదాన్ని తీసుకుంది. మీరు కాల్ చేసిన క్షణంలో మీ కంపెనీ ముందు డేటాబేస్‌ను అడుగుతుంది, ఆ నంబరు ఇప్పుడెక్కడుందో చెప్పే దారి నంబరు తెచ్చుకుంటుంది, ఆ తర్వాతే కాల్ కలుపుతుంది. ఇదంతా రింగ్ వినబడేలోగా అయిపోతుంది. ఇందుకోసం దేశంలోని ప్రతి ఆపరేటరూ తన స్విచ్‌లను మార్చుకోవాల్సి వచ్చింది. కస్టమర్లను పోగొట్టుకునే పనికి తామే డబ్బు పెట్టాలంటే ఎవరు తొందరపడతారు?

వాడుకునేవాళ్ల పని మాత్రం తేలిక. 'పోర్ట్' అని టైప్ చేసి, పక్కన నంబరు రాసి 1900కు ఎస్సెమ్మెస్ పంపితే ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. ఆ కోడ్‌తో కొత్త కంపెనీ దుకాణానికి వెళ్లి ఆధార్ చూపిస్తే కొత్త సిమ్ ఇస్తారు. చేరి 90 రోజులు నిండి ఉండాలి, పోస్ట్‌పెయిడ్ బిల్లు బాకీ ఉండకూడదు. ప్రీపెయిడ్‌లో మిగిలిన బ్యాలెన్సు మాత్రం వెంట రాదు. అందుకే వ్యాలిడిటీ అయిపోయే రోజుల్లో పోర్ట్ పెట్టుకోవడం తెలివైన పని.

ఈ ఏర్పాటులో మొదట్లో ఒక పెద్ద లోపం ఉండేది. ఆ కోడ్ ఇచ్చేది మీరు వదిలిపోతున్న కంపెనీయే. మీ దరఖాస్తు సరిగా ఉందో లేదో తేల్చేదీ అదే. వెళ్లిపోయేవాడికి గేటు తాళం ఇవ్వాల్సింది ఆపాలనుకునేవాడే అయినప్పుడు తిరస్కరణలు పెరగడంలో వింతేముంది? బాకీ ఉందని, కోడ్ గడువు తీరిందని, కోడ్ సరిపోలలేదని సాకులు వచ్చేవి. 2018 డిసెంబరులో ట్రాయ్ నిబంధనలు మార్చింది. అవి 2019 డిసెంబరు 16 నుంచి అమల్లోకి వచ్చాయి. బాకీ, 90 రోజుల షరతు వంటివన్నీ ముందే పరిశీలించి, డేటాబేస్ నడిపే సంస్థే కోడ్ ఇస్తుంది. అర్హత ఉంటేనే కోడ్, కోడ్ వచ్చిందంటే పని అయినట్టే. వారం పట్టే మార్పిడి సర్కిల్ లోపల మూడు పనిదినాలకు తగ్గింది. నా దృష్టిలో ఈ హక్కు నిజంగా చేతికందింది 2011లో కాదు, ఆ రోజునే.

సర్కిళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. 2015 జులై దాకా ఈ హక్కు ఒక సర్కిల్ హద్దుల్లోనే ఉండేది. హైదరాబాదులో తీసుకున్న నంబరుతో బెంగళూరులోనో, చెన్నైలోనో స్థిరపడిన మన పిల్లలు రోమింగ్ ఛార్జీ భరించాలి, లేదంటే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. 2015 జులై 3 నుంచి ఆ హద్దు కూడా పోయింది. మనవరకు ఇంకో విశేషం ఉంది. 2014లో రాష్ట్రం రెండయినా టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ ఒక్కటిగానే మిగిలింది. ఇచ్ఛాపురంలో తీసుకున్న సిమ్‌నూ, ఆదిలాబాద్‌లో తీసుకున్న సిమ్‌నూ కంపెనీలు ఇప్పటికీ ఒకే ప్రాంతంగా లెక్కిస్తాయి.

2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. కాల్స్ పూర్తిగా ఉచితం, డేటా అప్పటిదాకా ఊహించని చవక. ఆ దెబ్బకు రంగం ముఖచిత్రమే మారిపోయింది. అప్పటికే 2012లో సుప్రీంకోర్టు 122 లైసెన్సులను రద్దు చేయడంతో కొన్ని సంస్థలు తప్పుకున్నాయి. ఇప్పుడు మిగతావీ కుప్పకూలాయి. రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2017 చివర్లో మొబైల్ వాయిస్ సేవలు ఆపేసింది. 2018లో ఎయిర్‌సెల్ దివాలా తీసింది. టవర్లు ఒక్కొక్కటే ఆగిపోతుంటే ఆ కస్టమర్లకు నంబరు కాపాడుకోవడానికి మిగిలిన దారి పోర్ట్ ఒక్కటే. కంపెనీ మూతపడినా నంబరు బతికింది. 1995 నాటి ఏర్పాటే ఉండి ఉంటే అన్ని లక్షల నంబర్లు ఒక్క నెలలో గాలిలో కలిసిపోయేవి. అప్పటికి బ్యాంకు ఖాతా, ఆధార్, గ్యాసు సబ్సిడీ, ఓటీపీ అన్నీ ఆ పదంకెలకే ముడిపడి ఉన్నాయి. అంతకుముందు శుభలేఖ మీద ఉండే నంబరు ఇప్పుడు మనిషి గుర్తింపులో భాగమైంది.

టెలినార్, టాటా టెలిసర్వీసెస్ మొబైల్ వ్యాపారాలు ఎయిర్‌టెల్‌లో కలిశాయి. 2018 ఆగస్టు 31న వొడాఫోన్, ఐడియా ఒక్కటయ్యాయి. హక్కు వచ్చిన రోజున ఒక్కో సర్కిల్లో పది దాకా కంపెనీలుంటే ఇప్పుడు మిగిలింది మూడు ప్రైవేటు కంపెనీలు, ఒక బీఎస్‌ఎన్‌ఎల్. పోర్ట్ దరఖాస్తులు మొత్తంగా 2024లో వంద కోట్లు దాటాయి. ఇంత విరివిగా వాడుకున్న హక్కు విలువ, పోవడానికి ఎన్ని చోట్లున్నాయన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. 2024 జులై మొదటి వారంలో మూడు ప్రైవేటు కంపెనీలూ రెండు రోజుల తేడాలో ధరలు పెంచినప్పుడు అది స్పష్టంగా కనిపించింది. జియోలో రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 28 రోజుల ప్యాక్ 239 నుంచి 299 రూపాయలకు పోయింది. ఎయిర్‌టెల్‌లో చిన్న ప్యాక్ 179 నుంచి 199 అయింది. ఒకదాన్నుంచి ఇంకొకదానికి మారినా మిగిలేది అంతంతే. అందుకే ఆ ఒక్క నెలలోనే బీఎస్‌ఎన్‌ఎల్‌కు దాదాపు 29 లక్షల మంది కొత్త కస్టమర్లు వచ్చారు. నాలుగో తలుపు ఒకటి తెరిచి ఉండటం వల్లే అది సాధ్యమైంది.

ధర పోల్చేటప్పుడు నెల లెక్క చూడొద్దు, రోజు లెక్క చూడండి. 28 రోజుల ప్యాక్ వేసుకుంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీఛార్జులు చేయాలి. 2024 జులై ధరల్లో జియో 299 రూపాయల ప్యాక్ రోజుకు పదిన్నర రూపాయల పైన పడేది. అదే డేటాతో 84 రోజులకు 799 రూపాయల ప్యాక్ తొమ్మిదిన్నరకు వచ్చేది. 28 రోజుల పద్ధతి మీద ఫిర్యాదులు వచ్చాకే, ప్రతి కంపెనీ కనీసం ఒక్కటైనా 30 రోజుల ప్యాక్ ఉంచాలని ట్రాయ్ 2022 జనవరిలో ఆదేశించింది. డేటా అక్కర్లేని పెద్దవాళ్ల కోసం కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాక్‌లు తేవాలని 2024 డిసెంబరులో చెప్పింది. మీ అమ్మగారికో, తాతగారికో ఫోన్ చూసుకునేవాళ్లు మీరే అయితే ఆ ప్యాక్ గురించి దుకాణంలో తప్పకుండా అడగండి. అడక్కుండా వాళ్లంతట వాళ్లు చెప్పడం అరుదు.

సిగ్నల్ పోల్చడం ఇంకా కష్టం. ఫోన్ మీద కనిపించే గీతలకు ఒక ప్రమాణమంటూ లేదు. ఒక ఫోన్‌లో నాలుగు గీతలు ఇంకో ఫోన్‌లో రెండే కావచ్చు. ఫోన్ సెట్టింగుల్లో సిగ్నల్ బలం మైనస్ అంకెల్లో ఉంటుంది. 4జీలో మైనస్ 90 దగ్గరుంటే బాగున్నట్టు, మైనస్ 115 దాటితే మాట తెగిపోయే స్థితిలో ఉన్నట్టు. తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు ఎక్కువ దూరం పోతాయి, గోడలను మెరుగ్గా దాటతాయి. అందుకే ఒకే ఊళ్లో ఒక కంపెనీ సిగ్నల్ నడింట్లో దొరికితే ఇంకొకటి డాబా ఎక్కితేగానీ దొరకదు. చాలా ఏళ్లపాటు కంపెనీ ప్రకటనలోని దేశపటం తప్ప మనకు వేరే ఆధారం లేదు. 2024 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన సేవా నాణ్యత నిబంధనల కింద, ఏ టెక్నాలజీ ఎక్కడ అందుతుందో చూపే మ్యాపులను కంపెనీలు తమ వెబ్‌సైట్లలో పెట్టాల్సి వచ్చింది. అయినా మ్యాపు మీద రంగు ఉన్నంత మాత్రాన మీ వంటింట్లో ఫోన్ మోగుతుందని కాదు. పక్కింటివాళ్ల సిమ్ ఒక గంట అడిగి తీసుకుని, మీ మంచం దగ్గర, పొలం గట్టున, దుకాణం లోపల చూసుకోవడాన్ని మించిన పరీక్ష ఇంతవరకు రాలేదు.

పాడేరు, చింతూరు ఏజెన్సీ కొండల్లో లోతట్టు ఊళ్లవాళ్లకు ఈ పోలికలన్నీ చాలాకాలం అక్కరకు రాలేదు. అక్కడ ఉంటే ఒకే టవరు, లేదంటే అదీ లేదు. నంబరు ఎవరిదైనా సిగ్నల్ లేనప్పుడు పోర్ట్ హక్కుతో చేసేదేమీ లేదు. 2021 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆంధ్రప్రదేశ్‌తో కలిపి అయిదు రాష్ట్రాల వెనుకబడిన జిల్లాల్లో 7,287 గ్రామాలకు 4జీ అందించేందుకు 6,466 కోట్ల రూపాయల పథకానికి ఆమోదం తెలిపింది. మరుసటి ఏడాది దేశమంతటా సిగ్నల్ అందని 24,680 గ్రామాల కోసం 26,316 కోట్లతో ఇంకో పథకం వచ్చింది. ప్రభుత్వ నిధులతో కట్టిన ఇలాంటి టవర్లు తొలుత ఏ కంపెనీ కడితే ఆ కంపెనీ సిమ్‌కే పలికేవి. 2025 జనవరిలో ఆ పద్ధతి మార్చారు. దాదాపు 27,800 చోట్ల ఒక కంపెనీ టవరు నుంచే మిగతా కంపెనీల కస్టమర్లూ 4జీ అందుకునే ఏర్పాటు మొదలైంది. ఆ ఊళ్లవాళ్లు ఇక టవరును బట్టి సిమ్ కొనుక్కోనక్కర్లేదు.