నేలలో పేలుడు పదార్థాల కాలుష్యం

ఫిరంగి శిక్షణ మైదానాల్లోనూ, మందుగుండు కర్మాగారాల చుట్టుపక్కలా టీఎన్‌టీ, ఆర్డీఎక్స్ వంటి పేలుడు పదార్థాలు నేలలో కలుస్తాయి. ఒకచోట అవి పైమట్టిలోనే ఆగిపోతాయి, మరోచోట భూగర్భజలం దాకా దిగుతాయి. పదార్థం స్వభావం, నేల స్వభావం రెండూ కలిసి దీన్ని నిర్ణయిస్తాయి.

పూర్తిగా పేలిన గుండు దాదాపు ఏమీ మిగల్చదు. సగం పేలి పగిలినదే ప్రమాదం. అందులోని మందు ముక్కలై, పొడై చుట్టూ చిమ్ముతుంది. ప్రతి వానకూ కొద్దికొద్దిగా కరుగుతూ ఏళ్ల తరబడి నేలలోకి ఇంకుతుంది.

టీఎన్‌టీని మట్టి రెండు విధాలుగా పట్టుకుంటుంది. స్మెక్టైట్ జాతి బంకమన్ను పలకలపై పొటాషియం, అమ్మోనియం అయాన్లు ఉంటే టీఎన్‌టీ గట్టిగా అతుక్కుంటుంది. కాల్షియం, సోడియం ఉంటే వాటి చుట్టూ చేరిన నీరు అడ్డుపడి పట్టు సడలుతుంది. మన నల్లరేగడిలో ఉన్నదీ ఈ జాతి బంకే. కానీ అందులో సాధారణంగా కాల్షియం పాలు ఎక్కువ, కాబట్టి రేగడి నేల కదా అని నిశ్చింతగా ఉండలేం. రెండో పట్టు ఊడిరానిది. సూక్ష్మజీవుల వల్ల టీఎన్‌టీలోని నైట్రో సమూహాలు అమైనో సమూహాలుగా మారి, నేలలోని హ్యూమస్‌తో రసాయన బంధం కలుపుకుంటాయి. ఈ పట్టును ఆసరాగా చేసుకునే అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఉన్న యుమటిల్లా ఆయుధాగారంలో కలుషితమైన మట్టిని ఎరువుతో కలిపి కంపోస్టు చేసి శుద్ధిచేశారు.

ఆర్డీఎక్స్ నీటిలో టీఎన్‌టీ కంటే తక్కువే కరుగుతుంది. అయినా ఎక్కువ దూరం పోయేది అదే. బంకకు పెద్దగా అంటదు, హ్యూమస్‌తో అలా ముడిపడదు, గాలి ఆడే నేలలో త్వరగా విచ్ఛిన్నమూ కాదు. మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్‌లో జరిగింది ఇదే. అక్కడి క్యాంప్ ఎడ్వర్డ్స్ మైదానం హిమానీనదాలు వదిలిన ఇసుక, గులకరాళ్ల నేల. దాని అడుగున ఉన్న భూగర్భజలాన్ని 1982లో ఆ ప్రాంతానికి ఏకైక తాగునీటి వనరుగా ప్రకటించారు. అందులోకి ఆర్డీఎక్స్ దిగింది. 1997లో అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఫిరంగి, మోర్టార్ కాల్పులను నిలిపివేయించింది. సైనిక శిక్షణ కన్నా ముందు తాగునీరు అని తేల్చిన ఆ ఆదేశం న్యాయమైనది.

టీఎన్‌టీకి బదులు వస్తున్న కొత్త మిశ్రమాల్లోని ఎన్‌టీఓ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అది లీటరు నీటిలో సుమారు 16 గ్రాములు కరుగుతుంది. కరిగాక ఋణావేశం పొందుతుంది. బంక పలకలదీ ఋణావేశమే కనుక దాన్ని దూరంగా నెట్టేస్తాయి.

తిరిగి ఆర్డీఎక్స్ విషయానికి వస్తే, జీవితకాలం పాటు తాగే నీటిలో దానికి అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 2012 పట్టికలో సూచించిన పరిమితి లీటరుకు 2 మైక్రోగ్రాములు.