కందకం గోడ నుంచి పెరటి గోడ దాకా

జగిత్యాల కోటను 1747లో ఇబ్రహీం ఖాన్ ధంసా కట్టించాడనీ, నక్షా ఫ్రెంచి ఇంజినీర్లదనీ జిల్లా చరిత్ర చెబుతుంది. నక్షత్రం ఆకారంలో రాయి, సున్నంతో కట్టిన కోట, చుట్టూ కందకం. చూడవచ్చినవాళ్ల కళ్లు బురుజుల మీదికి, ఫిరంగుల మీదికి పోతాయి. నిజానికి మెచ్చుకోవాల్సింది కందకంలోకి దిగిన గోడల పనితనాన్ని.

ఇలాంటి కోటల గోడలకు ఇద్దరు శత్రువులు. ఎదుటి ఫిరంగి ఎప్పుడో ఒకసారి పేలుతుంది. వెనకనున్న మట్టి మాత్రం రాత్రింబవళ్లు తోస్తూనే ఉంటుంది, వానాకాలంలో నీళ్లు తాగి మరింత బరువుతో తోస్తుంది. అందుకే అలాంటి గోడను అడుగున వెడల్పుగా మొదలుపెట్టి, పైకి పోయేకొద్దీ సన్నం చేస్తూ, మట్టి వైపు కొంచెం వాల్చి కడతారు. గోడ తన బరువుతోనే నిలబడాలి.

ఆ తోపుడుకు లెక్క కట్టినవాడు కూలూంబ్. మార్టినిక్ దీవిలో కోట కట్టించిన ఈ ఫ్రెంచి సైనిక ఇంజినీరు, గోడ వెనక మట్టి ఎలా జారుతుందో వివరించే పత్రాన్ని 1773లో పారిస్ అకాడమీకి సమర్పించాడు. అప్పటికి జగిత్యాల కోటకు 26 ఏళ్లు. అంటే ఇక్కడ రాయి పేర్చిన చేతులు సూత్రం పుట్టకముందే, అనుభవంతో గోడను నిలబెట్టాయి. అది చిన్న విద్య కాదు. గోడ ఎత్తు రెండింతలైతే మట్టి తోపుడు నాలుగింతలవుతుంది, గోడను పడదోసే బలం ఎనిమిదింతలు.

బిగింపు పని అప్పట్లో డంగు సున్నానిది. కాల్చి, తడిపిన సున్నాన్ని ఇసుకతో కలిపి, ఎడ్లు తిప్పే రాతి చక్రం కింద నూరేవారు. కరక్కాయ, బెల్లం నీళ్లు కలపడమూ ఉండేది. ఇటుక పొడి పడితే తడిలోనూ గట్టిపడుతుంది. ఆరడానికి మాత్రం నెలలు పట్టేది.

సిమెంటు ఆ ఓపికతో పని లేకుండా చేసింది. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నది 1824లో. సిమెంటులో ఇనుప వల పెట్టి పూలతొట్లు పోసిన ఫ్రెంచి తోటమాలి జోసెఫ్ మోనియే 1867లో పేటెంటు పొందాడు. తోటపని చేసే మనిషి చేతిలో ఇనుమూ సిమెంటూ కలిశాయన్నది ఎంత ముచ్చటైన సంగతి! మన వైపు 1969లో రామగుండం దగ్గరి బసంత్‌నగర్‌లో కేశోరాం సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది.

ఇనుము చేరాక గోడ రూపమే మారింది. పాత గోడ తన బరువును నమ్ముకుంది. కాంక్రీటు గోడ పాదాన్ని వెనక్కి, మట్టి కిందికి చాపుతుంది. ఆ పాదం మీద కూర్చున్న మట్టి బరువే గోడను పడకుండా పట్టుకుంటుంది. తోసే మట్టినే కాపలాకు పెట్టుకున్న ఈ ఉపాయం నాకు కోట కట్టడమంత గొప్పగా తోస్తుంది.

ముత్యంపేట, మెట్‌పల్లి, కోరుట్ల వైపు పెరట్లో ఇలాంటి గోడ లేపేవాళ్లకు నల్లరేగడి తగిలితే జాగ్రత్త పడాలి. అది వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. దాన్ని దాటి మొరం తగిలేదాకా తవ్వించాలి. అడుగున 1:4:8 పాళ్ల కాంక్రీటు బెడ్డు, దాని మీద సలాకలతో పాదం. పాదం వెడల్పు గోడ ఎత్తులో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా ఉంచడం వాడుక. చాలాచోట్ల నిలువు సలాకలను గోడ నడుమ పెట్టేస్తారు. గోడ సాగేది మట్టి వైపు కాబట్టి ముఖ్యమైన సలాకలు ఆ వైపే ఉండాలి. వెనక మట్టికి బదులు కంకర నింపి, గోడ కింది భాగంలో నీళ్లు పోయే గొట్టాలు వదిలితే, మొదటి పెద్ద వానకు నిలిచే నీటి తోపుడు గోడ మీద పడదు.