మరుగురాయి చరిత్రము

నేటి ప్రసంగమునకు విషయ మొక రాయి. ఇది వజ్రము గాదు, వైడూర్యము గాదు. నవరత్నములలో దీనికి చోటు లేదు. ఐనను మన యూరి మోటారు బండ్లలో పోయు పెట్రోలు ముడినూనెనుండి వేఱుపడి వచ్చునప్పుడు, లోకమునందలి పెక్కు కర్మాగారములలో నీ రాతి చేయి సోకియే వచ్చుచున్నది. దీని పేరు జియోలైటు.

1756వ సంవత్సరమున స్వీడను దేశపు ఖనిజశాస్త్రజ్ఞుడగు క్రాన్‌స్టెట్ అను నాతడు ఒక ఖనిజమును ఊదుగొట్టపు మంటలో కాల్చి పరీక్షించెను. రాయి నురుగుగట్టి పొంగి, మరిగినట్లు కనబడెను. తనలోని నీరు ఆవిరియై వెడలుటయే దానికి కారణము. గ్రీకు భాషలో మరుగుటను, రాతిని తెలుపు రెండు మాటలను గూర్చి యాతడు జియోలైటు అని పేరిడెను. మన మిద్దానిని మరుగురాయి యనవచ్చును. చెవి కొక్కటిగానే వినబడు మఱియొక మాటకు చాటు అని యర్థము. అదియు దీనికి చెల్లును. ఏలయన నించుమించు రెండువందల యేండ్లు ఈ రాయి విద్యాశాలల బీరువాలలో చాటుననే యుండెను.

దీని మహిమ యంతయు దీని కట్టడములో నున్నది. ఇసుకలో నుండు సిలికాను, అల్యూమినియము, ప్రాణవాయువు, ఈ మూడును గూడి తేనెపట్టువలె గదులు గదులుగా నమరగా నీ స్ఫటికము ప్రధానముగా నేర్పడును. గదికిని గదికిని నడుమ ద్వారములు గలవు. ఒక్కొక్క జాతి రాతిలో నా ద్వారముల కొలత నియతమై యుండును. ఆ కొలత యెంతయందురా? మిల్లీమీటరును కోటి పాళ్లు చేసి, అందు నాలుగో, ఐదో, యేడో పాళ్లు తీసికొన్న నెంతయో యంత. పదార్థముల యణువులలో పెక్కులు నా ప్రమాణమువే గనుక, ద్వారముకంటె సన్ననిది లోని కేగును. లావైనది వెలుపలనే నిలుచును. 1932లో మెక్‌బెయిన్ అను రసాయనవేత్త యిట్టి వస్తువులకు అణువుల జల్లెడ యని పేరిడెను.

ఐతే మన యింటి జల్లెడకును దీనికిని ఒక భేదము గలదు. ఇంటి జల్లెడలో సన్ననిది క్రిందికి జారిపోవును, లావైనది మీద నిలుచును. ఇందులో సన్ననిది గదిలో చిక్కుకొనును, లావైనది ప్రక్కనుండి సాగిపోవును. వేడి చేసిననో, ఒత్తిడి తగ్గించిననో చిక్కినది మఱల విడుదల యగును. రాయి మఱల పనికి సిద్ధమగును. ఇట్లు పట్టి విడుచు వస్తువును అధిశోషక మందురు.

ప్రకృతిలో దొరకు రాయి తగినంత శుద్ధముగను, ఒకే తీరుగను లభించుట కష్టము. కావున దానిని చేతితో చేయవలెనను యత్నము పుట్టెను. ఇంగ్లండులో బారర్ అను పండితు డీ మార్గమున ముందు నడచెను. 1949 మొదలు అమెరికాలో యూనియన్ కార్బైడు సంస్థకు చెందిన లిండే విభాగమున రాబర్టు మిల్టన్ అనునాతడు గాలినుండి ప్రాణవాయువును వేఱుచేయు సాధనమును వెదకుచు కొత్త జియోలైటులను నిర్మించెను. 1954లో అవి విపణికి వచ్చెను. శీతలయంత్రముల వాయువులోను, నేలలోనుండి వచ్చు సహజవాయువులోను మిగిలిన తేమను పీల్చుట వాని తొలి యుద్యోగము.

ఇక నూనె కథ వినుడు. ముడినూనె యొకే పదార్థము గాదు; చిన్నవి, పెద్దవి యగు పలు జాతుల యణువుల సంత. కాచి వడిసినచో తేలికవి ముందును, బరువైనవి పిదపను వచ్చును. దీపములకు కిరసనాయిలు మాత్రము గావలసిన కాలమున పెట్రోలు అంతగా పనికిరాని వస్తువుగా నుండెను. మోటారు బండ్లు పెరిగిన పిమ్మట వ్యవహారము తారుమారయ్యెను. పెట్రోలు చాలదు, అడుగున బరువైన నూనె మిగిలిపోవును. దానిని విరుగగొట్టు టెట్లు? 1913లో అమెరికాలో బర్టన్ పద్ధతి వచ్చెను. అది కేవలము వేడిమిచేతను, ఒత్తిడిచేతను పెద్ద యణువులను బ్రద్దలుచేయు పద్ధతి. పని జరిగెను గాని వచ్చిన సరకు మేలైనది గాదు.

ఇక్కడ ఉత్ప్రేరక మను దానిని తెలిసికొనవలెను. మన గ్రామములలో ఉమ్మడి కుటుంబము పంచుకొనునపుడు పెద్దమనిషి యొకరు వచ్చి కూర్చుండును. ఆయన యుండుటచేత పంపకము సులువుగా, క్రమముగా సాగును. ఆయన మాత్రము వాటా తీసికొనడు. మఱునాడు మఱియొక యింటి పంపకమునకు పోవును. పెద్ద యణువును చిన్న యణువులుగా పంచి, తాను వ్యయము గాని పదార్థమే ఉత్ప్రేరకము. ఫ్రాన్సువాడగు యూజీన్ హూద్రీ ఆమ్లముతో శోధించిన మట్టి నీ పనికి నియోగించెను. 1936, 1937 సంవత్సరములలో అమెరికాలో నాతని పద్ధతిని కర్మాగారములు చేపట్టెను. 1942లో బేటన్ రూజ్ నగరమున మఱియొక మెట్టు: మట్టిని మెత్తని పొడిచేసి, ఆవిరితో కలిపి నీటివలె ప్రవహింపజేసిరి. పొడిమీద పట్టిన మసిని ప్రక్క పాత్రలో కాల్చి, శుభ్రపడిన పొడిని మఱల పనికి పంపుట యీ పద్ధతి. యుద్ధకాలమున విమానముల నూనెకు ఇది మిక్కిలి తోడ్పడెను.

అయితే మట్టి పెద్దమనిషికి ద్వారములలో నియమము లేదు. పంపకము తోచినట్లు సాగి, మసియు వృథా వాయువులును హెచ్చుగా వచ్చుచుండెను. 1962లో మోబిల్ సంస్థలోని ప్లాంకు, రోసిన్‌స్కీ యను నిరువురు చేసిన జియోలైటు ఉత్ప్రేరకము వాడుకలోనికి వచ్చెను. చిక్కులు లేకపోలేదు. స్ఫటికము చురుకు మితిమీరినది; పైగా ఆ మంటలో, ఆ యావిరిలో దాని గదులు కూలిపోవు భయము గలదు. అందుకై స్ఫటికములోని సోడియమును తీసి అరుదైన మృత్తిక లోహములను చేర్చి బలపఱచిరి. పాత ఉత్ప్రేరకములో కలిపి చురుకును హద్దులో నుంచిరి. అంతట అంతే నూనెనుండి పెట్రోలు హెచ్చెను, మసి తగ్గెను. కొలది కాలములోనే యీ రాయి పాత మట్టిని తొలగించి దాని స్థానము నాక్రమించెను.

జల్లెడ పనియు నిలిచిపోలేదు. సూటి గొలుసువంటి యణువులు పెట్రోలులో నుండిన యింజను కొట్టుకొనును. ఐదు పాళ్ల ద్వారముగల జియోలైటులో నవి దూరును, కొమ్మలుగల యణువులు దూరవు. 1959 మొదలు ఈ విధముగా వానిని వేఱుచేయుట సాగినది. అట్లు వేఱైన వానిలో కొన్ని బట్టలుతుకు పొడుల తయారీకి పోవుచున్నవి. 1972లో పేటెంటు పొందిన జెడ్.ఎస్.ఎం.-5 అను జాతి, చలికి గడ్డకట్టు మైనపు టణువులను మాత్రము లోనికి పిలిచి విరిచివేయును. 1985లో న్యూజీలాండులో నిదే జాతితో మెథనాలునుండి పెట్రోలు చేసిరి. మన విశాఖపట్టణమున 1957లో కాల్టెక్సు వారు స్థాపించిన కర్మాగారము 1978 మొదలు హిందూస్థాన్ పెట్రోలియము సంస్థలో నున్నది. అందును ఆ ప్రవహించు పొడి పద్ధతి గలదు.

పెద్దలారా, ఇందు రెండు మాటలు విచారింపదగినవి. క్రాన్‌స్టెట్ రాయిని కాల్చుచున్నపుడు, ఇది యెందుకు పనికివచ్చునని యెవరైన నడిగియుండిన నాతడు పెట్రోలు పేరు చెప్పియుండలేడు. అప్పటికి మోటారు బండియే లేదు. మన పిల్లలు రాళ్లను, ఆకులను, పురుగులను పరిశీలింప బూనినపుడు, కూటికి వచ్చు విద్యయేనా యని వెంటనే తూచకుందము. ఇది మొదటి మాట. రెండవది: ఈ రాయి నూనెను పుట్టింపదు, ఉన్న నూనెను చక్కగా పంచును. పంచుకొన్నదంతయు తగులబెట్టితిమేని నేలలోని నిధి తరుగక మానదు, పొగ యాకాశమును విడువదు. పంపకము చేయు పెద్దమనిషి యెంత న్యాయవంతుడైనను, ఆస్తిని నిలుపుకొనుట వారసుల చేతిలోనిదే గదా.