కృష్ణా జిల్లా రూట్లు ఆర్టీసీ పరమైన తీరు

మచిలీపట్నం: ఏపీఎస్ ఆర్టీసీ సిబ్బంది 2020 జనవరి 1న ప్రజా రవాణా శాఖ ఉద్యోగులయ్యారు. బస్సులు, ఆస్తులు మాత్రం సంస్థ పేరిటే ఉన్నాయి. ఈ విలీనంతో బస్సు మళ్లీ ప్రభుత్వం చేతికి వచ్చిందన్న మాట వినిపించింది. అయితే ఏ రూటులో ఎవరి బస్సు తిరగాలన్నది తేల్చే అధికారం వేరు. అది ప్రభుత్వ రంగానికి 1950ల చివరిలోనే దక్కింది. దాని కోసం సాగిన తొలి పెద్ద న్యాయపోరాటం కృష్ణా జిల్లా రూట్లదే.

హైదరాబాద్ సంస్థానంలో 1932లోనే నిజాం రైల్వే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగాన్ని ప్రారంభించింది. కోస్తాలో మాత్రం ప్రయివేటు యజమానులదే హవా. 1958 జనవరి 11న ఆర్టీసీ ఏర్పడ్డాక ఆ రూట్ల వంతు వచ్చింది.

బస్సు మిగిలింది.. రూటు పోయింది

మోటారు వాహనాల చట్టానికి 1956లో చేసిన సవరణ ఇందుకు ఆధారం. ఆర్టీసీ స్కీము ప్రకటించాలి, ప్రభుత్వం అభ్యంతరాలు విని ఆమోదించాలి. ఆ తరువాత ప్రయివేటు పర్మిట్లు రద్దవుతాయి. బస్సును ఎవరూ స్వాధీనం చేసుకోరు. పర్మిట్‌లో మిగిలిన ప్రతి నెలకు రూ.200 చొప్పున పరిహారం ముట్టేది. రూటు లేని బస్సును యజమాని ఏం చేసుకోవాలన్నది చట్టానికి పట్టలేదు.

విన్నదొకరు.. తేల్చింది మరొకరు

కృష్ణా జిల్లా స్కీముపై గుల్లపల్లి నాగేశ్వరరావు తదితర యజమానులు సుప్రీంకోర్టుకెక్కారు. అభ్యంతరాలు విన్నది శాఖ కార్యదర్శి కాగా, ఉత్తర్వులిచ్చింది ముఖ్యమంత్రి. వినని వారు తేల్చడం విచారణే కాదంటూ 1958 నవంబరులో కోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసింది. తీర్పు రాసిన జస్టిస్ కోకా సుబ్బారావు తెలుగువారే. దీంతో ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి స్వయంగా విచారణ జరిపారు. ఆయన పక్షపాతి అన్న వాదనను 1959లో కోర్టు తోసిపుచ్చింది.

కర్నూలు రూట్ల విషయంలో కథ అడ్డం తిరిగింది. రాజకీయ ప్రత్యర్థులను దెబ్బతీసేందుకే ఆ జిల్లాను ముందుకు తెచ్చారన్న ఆరోపణకు ముఖ్యమంత్రి అఫిడవిట్‌తో బదులివ్వలేదు. 1964 జనవరిలో స్కీము రద్దయింది. ఫిబ్రవరిలో సంజీవరెడ్డి రాజీనామా చేశారు. బస్సు రూటు ఒక ముఖ్యమంత్రి పదవికే ఎసరు తెచ్చిందన్నమాట.

పల్లెలకు దక్కిందేమిటి?

లాభాల రూటులో మిగిలిన సొమ్ము నష్టాల రూటుకు మళ్లించే వీలు ఒకే సంస్థకు ఉంటుంది. పది మంది ఎక్కే పల్లెకు బస్సు వెళ్లడం ఆ లెక్క మీదే ఆధారపడింది. ఇరుసంధ్యలా వచ్చే ఆ ఒక్క బస్సే కాలేజీ పిల్లలకు, ఆసుపత్రికి వెళ్లే వృద్ధులకు దిక్కు. ప్రధాన రహదారిపై రాబడి ప్రయివేటు వాహనాలకు తరలితే మొదట ఆగేది ఇలాంటి సర్వీసే. సిబ్బంది జీతం ఏ ఖాతా నుంచి వచ్చినా ఈ లెక్క మారదు.

1988 చట్టంలోనూ స్కీముల నిబంధనలున్నాయి. ప్రతిపాదనను గెజిట్‌తో పాటు ఆ ప్రాంతంలో చదివే ప్రాంతీయ భాషా పత్రికలోనూ ప్రచురించాలి. గెజిట్ తేదీ నుంచి 30 రోజుల్లోగా ఎవరైనా ప్రభుత్వానికి అభ్యంతరాలు తెలుపవచ్చు. ఆ అవకాశం బస్సు యజమానులకే పరిమితం కాదు, ప్రయాణికులకూ ఉంది. ఏడాదిలోగా ఆమోదం రాకపోతే ప్రతిపాదన చెల్లదు.