విత్తనం మీద ఊరి పేరు

బియ్యం కొట్టుకు వెళ్లి ‘బీపీటీ ఉందా?’ అని అడిగేవారిలో చాలామందికి ఆ మూడు అక్షరాలు బాపట్లకు గుర్తని తెలియదు. రైతులు రోజూ పలికే ఎంటీయూ అంటే మార్టేరు, జేజీఎల్ అంటే జగిత్యాల, ఎన్‌ఎల్‌ఆర్ అంటే నెల్లూరు, ఆర్‌ఎన్‌ఆర్ అంటే రాజేంద్రనగర్. ఇవన్నీ వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన స్థానాలున్న ఊళ్లు. ఒక విశ్వవిద్యాలయం తన ప్రాంతానికి ఏం చేసిందని ఎవరైనా అడిగితే ఎన్ని పట్టాలిచ్చింది, ఎన్ని భవనాలు కట్టింది అని లెక్క చెప్పడం మనకు అలవాటు. తెలుగు నేల మీద వ్యవసాయ విశ్వవిద్యాలయం నడిచిన దారిని చూస్తే ఆ లెక్క చాలదని తెలుస్తుంది. పొలంలో రైతు చెప్పిన తీర్పును పరిశోధకులు విన్న ప్రతిసారీ ఆ విద్యాలయం ఈ ప్రాంతానికి సొంతమైంది. విననప్పుడల్లా దూరమైంది. ఆ చరిత్రలోని గెలుపులకూ ఓటములకూ ఇదే మూలమని నా వాదన.

ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో హైదరాబాద్‌లో ఏర్పడింది. అప్పటికే మార్టేరులో 1925 నుంచి వరి పరిశోధన సాగుతోంది, బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది. కొత్త విశ్వవిద్యాలయం వెనక ఉన్న ఆలోచన అమెరికాది. అక్కడ 1862లో వచ్చిన చట్టంతో ప్రభుత్వ భూముల ఆదాయం మీద కళాశాలలు పుట్టాయి. చదువు, పరిశోధన, రైతుకు చేరవేయడం అనే మూడు పనులూ ఒకే చోట జరగాలన్నది క్రమంగా వాటి సూత్రమైంది. మన దేశంలో 1948–49 నాటి విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ గ్రామీణ విశ్వవిద్యాలయాలు కావాలని సిఫారసు చేసింది. దాని అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ అంతకుముందు 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపకులపతి. 1960లో పంత్‌నగర్‌లో దేశపు తొలి వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చింది, నాలుగేళ్లకు మనదీ వచ్చింది. 1996లో దానికి రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. అయితే మూడు పనుల్లో చదువు, పరిశోధన విశ్వవిద్యాలయానికి దక్కాయిగానీ, ఊరూరా తిరిగి రైతుకు చెప్పే యంత్రాంగం ప్రధానంగా ప్రభుత్వ వ్యవసాయ శాఖ చేతిలోనే ఉండిపోయింది. ఈ విభజన ఖరీదు ఎంతో తర్వాతి దశాబ్దాల్లో తేలింది.

ముందు గెలుపు సంగతి. 1960లలో మలేషియా నుంచి మసూరి అనే వరి మన దేశానికి వచ్చింది. అది పొడవుగా పెరిగి గాలికి పడిపోతుంది. అందుకని అధికారిక పరీక్షల్లో దాన్ని పక్కన పెట్టారు. ఆంధ్రలో ఒక వ్యవసాయ కూలీ ఇంటికి పట్టుకెళ్లిన కాసిని గింజల నుంచి అది పొలం పొలానికీ పాకిందని, దేశంలో అతి ఎక్కువగా సాగయ్యే వరి రకాల్లో ఒకటైందని వ్యవసాయ పరిశోధకులే రాశారు. ఆ కూలీ పేరు ఎక్కడా లేదు. కానీ అన్నం బాగుండి, తక్కువ ఎరువుతో పండే గింజ కోసం పడిపోయే గుణాన్ని కూడా భరిస్తామని పల్లె ఇచ్చిన తీర్పు మాత్రం నిలిచింది. ఆ తీర్పును శాస్త్రవేత్తలు తోసిపుచ్చలేదు. మసూరిని తల్లిదండ్రుల్లో ఒకటిగా తీసుకుని మార్టేరులో వసిష్ఠతో సంకరపరిచి 1982లో స్వర్ణను, బాపట్లలో మరో సంకరంతో 1986లో సాంబ మసూరిని విడుదల చేశారు. ఎంటీయూ 7029 అనే స్వర్ణ ఒడిశా, బెంగాల్, ఛత్తీస్‌గఢ్ పొలాల దాకా వెళ్లింది. బీపీటీ 5204 అనే సాంబ మసూరి తెలుగువారి పళ్లెంలో సన్నబియ్యానికి మారుపేరైంది. ఈ విశ్వవిద్యాలయం పేరు నిలబెట్టిన రెండు విత్తనాలకూ మూలం, పరీక్షల్లో తప్పినా పొలంలో గెలిచిన ఒక గింజ.

ఇందులో విశ్వవిద్యాలయం గొప్ప ఏముంది, కాలువ నీళ్లు, ఎరువుల రాయితీ, ప్రభుత్వ కొనుగోలు ఉన్నాయి కాబట్టే ఆ రకాలు పాకాయి అని ఎవరైనా అనవచ్చు. నీళ్లూ రాయితీలూ లేకుండా అంత సాగు ఉండేది కాదన్నది నిజమే. కానీ ఆ సదుపాయాలు విడుదలైన ప్రతి వంగడానికీ సమానంగా దొరికాయి. చాలా రకాలు కొద్ది ఏళ్లలోనే కనుమరుగైతే ఇవి నాలుగు దశాబ్దాలు నిలిచాయి. సాంబ మసూరికి ఎండాకు తెగులు బెడద ఎక్కువ. అయినా రైతు దాన్ని వదల్లేదు. చివరికి హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) కలిసి ఆ గింజ గుణం చెడకుండా తెగులును తట్టుకునే మూడు జన్యువులను చేర్చి 2008లో మెరుగైన సాంబ మసూరిని తెచ్చాయి. ముంపును తట్టుకునే స్వర్ణ కూడా ఇలాగే 2009లో వచ్చింది. విత్తనం మార్చమని రైతును అడగకుండా రైతు ఎంచుకున్నదాన్నే బాగుచేశారు. ప్రాంతంతో సంబంధం అంటే నా దృష్టిలో ఇదే.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది. ఈ కథంతా డెల్టాదీ మాగాణిదీ కదా, మెట్ట మాటేమిటి? దీన్ని పూర్తిగా ఒప్పుకోవాలి. అనంతపురం వేరుశనగ పొలాల్లో 1940లో తిండివనం నుంచి వచ్చిన టీఎంవీ 2 రకమే ఈ శతాబ్దం మొదటి ఏళ్ల దాకా రాజ్యమేలింది. ఆ రైతులు మొండివాళ్లు కారు. అంత తక్కువ వానలో, అంత తక్కువ పెట్టుబడితో పాత విత్తనం కన్నా నమ్మకంగా నిలిచేదాన్ని చాలాకాలం వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు. కదిరి స్థానం నుంచి కదిరి 6 వంటివి వచ్చాకే కదలిక మొదలైంది. వరంగల్ పత్తి రైతుది ఇంకా పెద్ద దుఃఖం. 1997–98లో పురుగు విరుచుకుపడినప్పుడు, ఏ మందు కొట్టాలో చెప్పినవాడూ అప్పు ఇచ్చినవాడూ ఒకే దుకాణదారు. ఎన్నో కుటుంబాలు ఇంటి పెద్దను పోగొట్టుకున్నాయి. అక్కడి రైతు పొలంలో నిలబడి అడిగిన ప్రశ్న విశ్వవిద్యాలయానికి వేళకు చేరలేదు.

సలహా చెప్పడం వ్యవసాయ శాఖ పని, విశ్వవిద్యాలయం విజ్ఞానం మీద దృష్టి పెడితే చాలు అనేవారు ఇప్పటికీ ఉన్నారు. 2003 నాటి జాతీయ నమూనా సర్వే దీనికి జవాబు చెబుతోంది. దేశంలో సాగు గురించి ఏదో ఒక చోటి నుంచి సమాచారం అందుకున్న రైతు కుటుంబాలు 40 శాతమే. తోటి రైతుల నుంచి తెలుసుకున్నవారు 16.7 శాతం, ఎరువులు, మందులు అమ్మే దుకాణాల నుంచి 13.1 శాతం. పరిశోధనను రైతుకు చేర్చడానికే పెట్టిన కృషి విజ్ఞాన కేంద్రాల నుంచి తెలుసుకున్నవారు 0.7 శాతం. పక్క పొలం రైతే ఊరికి మొదటి గురువన్నమాట. ఆ గురువుతో మాట లేని పరిశోధన ఎంత గొప్పదైనా పుస్తకంలోనే మిగిలిపోతుంది. పైగా పొలం నుంచి తిరిగి వచ్చే సమాచారం లేకపోతే తర్వాతి ప్రయోగం దేని మీద చేయాలో శాస్త్రవేత్తకూ తెలియదు. మసూరి నేర్పిన పాఠం అదే. విశ్వవిద్యాలయం 1998లో జిల్లాల్లో ఏరువాక కేంద్రాలు పెట్టి శాస్త్రవేత్తలను రైతుల పొలాలకు పంపడం ఆ లోటును గుర్తించినట్టే. జ్యేష్ఠ పున్నమినాడు తొలి అరక కట్టే పండుగ పేరును వాటికి పెట్టడం సరైన పని.

ఇవాళ తెలుగు రాష్ట్రాలు రెండైనాయి, వ్యవసాయ విశ్వవిద్యాలయాలూ రెండైనాయి. పశువైద్యానికి, ఉద్యానానికి వేరే విశ్వవిద్యాలయాలున్నాయి. సంస్థలు పెరిగినంత మాత్రాన సంబంధం పెరగదు. విడుదల చేసిన వంగడాల జాబితా ఏటా ప్రకటిస్తున్నట్టే, పదేళ్ల కిందట విడుదలైనవాటిలో రైతు పొలంలో ఇంకా నిలిచినవి ఏవి, పోయినవి ఎందుకు పోయాయి అన్న జాబితా కూడా ప్రతి పరిశోధన స్థానం ప్రకటించాలి. ఆ రెండో జాబితాను కౌలు రైతులనూ కూలీలనూ మెట్ట ఊళ్లవారినీ అడిగి తయారుచేయాలి. పేరు తెలియని ఆ కూలీకి మనం తీర్చుకోగల రుణం అదే.