మెడ దగ్గర ఆగాల్సిన చెయ్యి

రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే మనం కీళ్లవాతం అనే జబ్బు కథలో 1895కి పెద్ద చోటే ఉంది. ఆ ఏడాది జనవరి 12న భీమవరంలో శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పుట్టాడు. సెప్టెంబరు 18న అమెరికాలో, మిసిసిపీ నది ఒడ్డునున్న డావెన్‌పోర్ట్ అనే ఊళ్లో, డేనియల్ డేవిడ్ పామర్ ఒక మనిషి వెన్నుపూసను చేత్తో నెట్టి కైరోప్రాక్టిక్‌కు శ్రీకారం చుట్టాడు. నవంబరు 8న జర్మనీలోని వూర్జ్‌బర్గ్‌లో విల్‌హెల్మ్ రాంట్‌గెన్ కంట ఎక్స్‌రేలు పడ్డాయి. ఒకదాని సంగతి ఒకదానికి తెలియని ఈ మూడు కథలూ తర్వాతి కాలంలో కీళ్లవాతం ఉన్న మనిషి మెడ దగ్గర కలుసుకున్నాయి.

పామర్ వైద్యం చదివినవాడు కాదు. కెనడాలో పుట్టి అమెరికా చేరాడు. బడిపంతులుగా పనిచేశాడు, తేనెటీగలు పెంచాడు, కిరాణా కొట్టు నడిపాడు. చివరికి అయస్కాంత చికిత్స పేరుతో చేతులతోనే రోగాలు కుదుర్చుతానని డావెన్‌పోర్ట్‌లో గదులు తీసుకున్నాడు. అదే భవనంలో ఊడ్చే తుడిచే పని చేసే హార్వీ లిల్లార్డ్‌కు 17 ఏళ్లుగా చెవులు సరిగా వినిపించవు. ఒకసారి వంగి పని చేస్తుంటే వీపులో ఏదో కలుక్కుమందని, అప్పటినుంచే వినికిడి పోయిందని అతను చెప్పాడు. పామర్ వీపు తడిమి, ఉబ్బెత్తుగా తగిలిన పూసను నెట్టాడు. వినికిడి తిరిగొచ్చిందని ఇద్దరూ చెప్పారు. లిల్లార్డ్ కూతురు చెప్పిన కథ వేరు. తన తండ్రి ఎవరికో హాస్యమాడుతుంటే విన్న పామర్, నవ్వుతూ చేతిలోని పుస్తకంతో వీపు మీద చరిచాడని, కొన్నాళ్లకు చెవులు కాస్త మెరుగయ్యాయని ఆమె మాట. రెంటిలో ఏది నిజమైనా, చెవి నుంచి మెదడుకు పోయే నరం పుర్రె లోపలే ఉంటుంది గాని వీపులోంచి పోదు.

పామర్‌కు మాత్రం సిద్ధాంతం దొరికింది. పూస పక్కకు జరుగుతుంది, నరం దెబ్బ తింటుంది, రోగం పుడుతుంది. 1897లో దీనికొక బడే పెట్టాడు. లైసెన్సు లేకుండా వైద్యం చేస్తున్నాడని 1906లో జైల్లో పెట్టినా వెనక్కి తగ్గలేదు. నూటికి 95 రోగాలకు తప్పిన వెన్నుపూసలే మూలమని, మిగిలిన అయిదూ వేరే కీళ్లు తప్పడం వల్లే వస్తాయని 1910లో వచ్చిన పుస్తకంలో రాశాడు. ఈ లెక్కన కీళ్లవాతానికి కూడా మందు చెయ్యే. అమెరికా రాష్ట్రాల్లో 1913లో కాన్సస్ ఈ వృత్తికి మొదట లైసెన్సు ఇచ్చింది. చిట్టచివరగా 1974లో లూసియానా ఇచ్చింది.

ఇక జబ్బు సంగతి. 1800లో పారిస్‌లో ఒగస్టిన్ లాండ్రే-బోవే అనే యువ వైద్యుడు తొమ్మిది మంది స్త్రీల కీళ్లను పరిశీలించి, ఇది మామూలు గౌట్‌లా లేదని తన పరిశోధన వ్యాసంలో వర్ణించాడు. 1859లో లండన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ గారడ్ దీనికి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని పేరు పెట్టాడు. 1940లో నార్వేకు చెందిన ఎరిక్ వాలర్, ఈ రోగుల రక్తంలో ఒక విచిత్రమైన ప్రతిరక్షకాన్ని గమనించాడు. దాన్నే ఇప్పుడు ల్యాబ్ రిపోర్టుల్లో రుమటాయిడ్ ఫ్యాక్టర్ అని చూస్తున్నాం. మెల్లగా బొమ్మ స్పష్టమైంది. కీలు లోపలి పల్చటి పొర మీద శరీరపు రక్షణ వ్యవస్థే దాడి చేస్తుంది. ఆ పొర వాచి, మందమై, మృదులాస్థినీ ఎముకనూ కీలును పట్టి ఉంచే స్నాయువులనూ తినేస్తుంది. ఎముక చోటు తప్పడం వల్ల జబ్బు రాదు. జబ్బు ముదిరాక ఎముక చోటు తప్పుతుంది. పామర్ చెప్పిన వరుస ఇక్కడ పూర్తిగా తిరగబడింది.

ఈ తిరగబాటు ప్రమాదంగా మారేది మెడలో. తల కిందనే ఉండే మొదటి పూస ఒక ఉంగరం. రెండో పూస నుంచి ఒక మేకులాంటి ఎముక పైకి లేచి ఆ ఉంగరంలో దూరి ఉంటుంది. తిరగలి కింది రాతి మేకు చుట్టూ పై రాయి తిరిగినట్టు, ఈ మేకు చుట్టూ మన తల అటూ ఇటూ తిరుగుతుంది. మేకు వెనక్కి జరిగి వెన్నుపామును పొడవకుండా ఒక అడ్డుపట్టీ దాన్ని కట్టి ఉంచుతుంది. ఆ పట్టీకీ మేకుకూ నడుమ కూడా వాచే పొర ఉంది. కీళ్లవాతం అక్కడికి పాకితే పట్టీ సాగిపోతుంది. పెద్దవాళ్లలో ఉంగరానికీ మేకుకూ మధ్య సందు సాధారణంగా 3 మిల్లీమీటర్లకు మించదు. పట్టీ సాగినప్పుడు మెడ వంచితే ఆ సందు పెరుగుతుంది. కొందరికి తల వెనక నొప్పి, చేతుల్లో తిమ్మిర్లు, నడకలో తూలు, మెడ వంచితే ఒళ్లంతా షాక్ కొట్టినట్టుండడం కనిపిస్తాయి. కొందరికి ఏ సూచనా ఉండదు. అలాంటి మెడను చటుక్కున తిప్పితే వెన్నుపాము నలిగి కాళ్లూ చేతులూ పడిపోవచ్చు, ప్రాణమే పోవచ్చు.

దీన్ని బయటపెట్టింది రాంట్‌గెన్ కిరణాలే. పామర్ కొడుకు బార్ట్‌లెట్ జాషువా 1910లోనే ఎక్స్‌రేను డావెన్‌పోర్ట్ బడికి తెచ్చాడు. తప్పిన పూసలు చూపించి తండ్రి మాట నిలబెట్టడం అతని ఉద్దేశం. కీళ్లవాతం రోగుల మెడల్లో ఎక్స్‌రే నిజంగానే తప్పిన పూసను చూపించింది. కాకపోతే అది చెయ్యి వేయకూడని పూస. మెడ నిటారుగా ఉన్నప్పుడు తీస్తే అంతా బాగున్నట్టే కనిపించవచ్చు కాబట్టి, మెడ ముందుకు వంచీ వెనక్కి వాల్చీ కూడా తీస్తారు.

జబ్బు వేరును పట్టుకున్న కథ ఇంకోచోట నడిచింది. న్యూయార్క్ రాష్ట్రం పెరల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసి, ఆ తర్వాత దానికి అడ్డుపడే అమినోప్టెరిన్‌ను తయారుచేసింది. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చి తాత్కాలికంగానైనా ఫలితం చూశాడు. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్లకే సుబ్బారావు కన్నుమూశాడు. మరుసటి నెల మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతంతో మంచం పట్టిన 29 ఏళ్ల స్త్రీకి కార్టిజోన్ ఇచ్చాడు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్‌కు నోబెల్ కూడా వచ్చింది. ఆ హోరులో, 1951లో న్యూయార్క్ వైద్యుడు గబ్నర్ అమినోప్టెరిన్ కీళ్లవాతానికీ సోరియాసిస్‌కూ పనిచేస్తోందని రాస్తే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. కార్టిజోన్ ఎక్కువకాలం వాడితే ఎముకలు గుల్లబారడంలాంటి కష్టాలు తెలిశాక చూపు మళ్లీ ఇటు తిరిగింది. లెడర్లీ నుంచే వచ్చిన అమినోప్టెరిన్ తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను చిన్న మోతాదులో, వారానికి ఒక్కసారి ఇచ్చి చూసిన అధ్యయనం 1985లో వెలువడింది. 1988లో అమెరికా ప్రభుత్వం కీళ్లవాతానికి దాన్ని ఆమోదించింది. నేడు చాలామందికి డాక్టరు మొదట రాసేది ఆ మాత్రే. వారానికోసారి వేసుకోవాల్సిన దాన్ని పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

మరి కైరోప్రాక్టిక్‌కు ఇందులో చోటేమిటి? ఆ వృత్తిలో పామర్ మాటను అక్షరాలా నమ్మినవాళ్లు ఒక పాయగా, మర్దన, కాపడం, వ్యాయామం కలుపుకున్నవాళ్లు ఇంకో పాయగా చీలిపోయారు. కీళ్లవాతం ఉన్నవాళ్లకు కాస్త ఉపశమనం దొరికేది ఈ రెండో పాయ దగ్గరే. బిగుసుకున్న కండరాలు సడలించడం, వాపు లేని చోట మెల్లగా కదిలించడం లాంటివి హాయినివ్వవచ్చు, జబ్బును మాత్రం ఆపవు. వాచిన కీళ్ల మీద వేగంగా నెట్టే పద్ధతి వాడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005 మార్గదర్శకాలు కైరోప్రాక్టర్లకే చెప్పాయి. అమెరికా కీళ్లవాత నిపుణుల సంఘం 2022లో వ్యాయామాన్ని గట్టిగా సిఫారసు చేసి, కైరోప్రాక్టిక్‌ను షరతులతో వద్దంది. ‘టక్’ మన్న చప్పుడు వినగానే ఎముక సర్దుకుందనుకోనక్కర్లేదు. అది కీలు ద్రవంలో ఏర్పడే వాయువు బుడగ తాలూకు శబ్దం.

మన ఊళ్లలో కైరోప్రాక్టర్లు అరుదు గాని, క్షవరం అయ్యాక మెడ విరిచే చేతులకు కొదవ లేదు. కీళ్లవాతం ఉన్నవాళ్లు ఆ మాట క్షురకుడికీ, మాలిష్ చేసేవాళ్లకూ, ఫిజియోథెరపిస్టుకూ ముందే చెప్పాలి. ఆపరేషనుకు వెళ్తే మత్తు డాక్టరుకూ చెప్పాలి, గొట్టం వేయడానికి ఆయన తల వెనక్కి వంచుతాడు గనక. ఇంత చెప్పినా ‘ఏం కాదులెండి’ అంటూ ఎవరైనా గడ్డం కింద చెయ్యి వేస్తే, మొహమాటపడకుండా కుర్చీలోంచి లేచి వచ్చేయండి.