క్వార్టర్ టు సిక్స్ అంటే ఎంత?

మాది హిందూపురం దగ్గర ఒక పల్లె. నేను పుట్టకముందే మావాళ్లు పని కోసం బెంగళూరు వచ్చి పీణ్యలో స్థిరపడ్డారు. మా నాయన ఇక్కడ ఒక చిన్న ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పని చేస్తాడు.

పోయిన సంవత్సరం నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, ఒక రాత్రి నాయనకు ఫోన్ వచ్చింది. చేసినాయన కొత్త సూపర్‌వైజర్. ఆయనకు తెలుగు రాదు, కన్నడ రాదు. "ఇంగ్లీషులో ఏందో చెప్తాండాడు, చూడు పాపా" అని నాయన ఫోన్ నా చేతికిచ్చాడు. రేపటి నుంచి వ్యాను "క్వార్టర్ టు సిక్స్"కి వస్తుందని ఆయన చెప్పాడు. క్వార్టర్ అంటే పావు, సిక్స్ అంటే ఆరు. "ఆరుంబావుకు వ్యాను వస్తుందంట నాయనా" అని ధైర్యంగా చెప్పేశాను.

తెల్లారి నాయన ఆరు దాటగానే పోయి రోడ్డు మీద నిలబడ్డాడు. వ్యాను ఐదూ ముప్పావుకే వచ్చి వెళ్లిపోయింది. బస్సు పట్టుకొని గేటు దగ్గరికి పోయేసరికి షిఫ్టు మొదలైపోయింది. ఆ రోజు సగం కూలి కోసేశారు. సాయంత్రం విషయం తెలిసి నేను ఏడిస్తే, నాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "ఆ మాటే అట్లుంది, నువ్వేం చేస్తావులే" అన్నాడు. ఇంగ్లీషులో మంచి మార్కులు తెచ్చుకునే నాకు తిట్టుంటేనే బాగుండేది అనిపించింది. ఆ మాట ఎందుకు అట్లుందో తెలుసుకోవాలని అప్పటి నుంచి పుస్తకాలు వెతకడం, టీచర్లను అడగడం మొదలుపెట్టాను. తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

మొదట లెక్క సంగతి. తెలుగులో ఐదూ ముప్పావు అంటాం, అంటే అయిపోయిన ఐదుకు ముప్పావు కలుపుతాం. కన్నడలో కూడా ఐదూ ముక్కాలే. ఇంగ్లీషులో "పాస్ట్" అంటే దాటింది, "టు" అంటే ఇంకా చేరాలి. అర్ధగంట వరకు దాటిన గంటను చెప్తారు, తర్వాత రాబోయే గంటను చెప్తారు. కాబట్టి క్వార్టర్ టు సిక్స్ అంటే ఆరుకు పావుగంట తక్కువ. హిందీలో "పౌనే ఛే" అన్నా అంతే. మనలో కూడా కొందరు "పావు తక్కువ ఆరు" అంటారు. నేను "టు" అనే చిన్న మాటను వదిలేశాను. అరగంట తేడా అక్కడే వచ్చింది.

రెండోది "ఓ క్లాక్". ఇది "ఆఫ్ ద క్లాక్" అనే మాటకు పొట్టి రూపం. ఒకప్పుడు పొద్దును చూసి చెప్పే టైము వేరు, గడియారం చెప్పే టైము వేరు కాబట్టి, ఇది గడియారం లెక్క అని ప్రత్యేకంగా చెప్పేవాళ్లు. ఇంకో విచిత్రం ఏమిటంటే, క్లాక్ అనే మాట లాటిన్‌లో గంటకున్న పేరు నుంచి వచ్చింది. ఇంగ్లండులోని సాలిస్‌బరీ చర్చిలో 1386 నాటిదని చెప్పే గడియారానికి ముఖమే లేదు, ముళ్లు లేవు. అది గంట మాత్రమే కొడుతుంది. మనం కూడా గుడిలో మోగేదాన్ని, అరవై నిమిషాలను ఒకే మాటతో "గంట" అంటాం కదా! ఇక మన గడియారం అనే మాట గడియ నుంచి వచ్చింది. అడుగున చిల్లి ఉన్న చిన్న గిన్నెను నీళ్లలో వదిలితే అది నిండి మునిగేంత సేపు ఒక గడియ, అంటే 24 నిమిషాలు. రోజుకు 60 గడియలు.

"మినిట్" అంటే లాటిన్‌లో చిన్న ముక్క. గంటను మొదటిసారి చేసిన ముక్కలు మినిట్లు, వాటిని రెండోసారి చేసిన ముక్కలు సెకండ్లు. అందుకే రెండో ర్యాంకుకు, ఆ చిన్న క్షణానికి ఇంగ్లీషులో ఒకటే పేరు. మన నిమిషం మాత్రం కనురెప్ప పాటు అనే అర్థం నుంచి వచ్చింది.

ఇంత నిక్కచ్చిగా నిమిషాలు లెక్కపెట్టే అవసరం రైళ్లతో పెరిగింది. అంతకుముందు ఇంగ్లండులో ఊరికొక టైము ఉండేది. బ్రిస్టల్ ఊరి టైము లండన్ కన్నా సుమారు 10 నిమిషాలు వెనుక. 1840లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే తన దారంతా లండన్ టైమునే పెట్టింది. బ్రిస్టల్‌లో ఒక గడియారానికి ఊరి టైముకొకటి, లండన్ టైముకొకటి అని రెండు నిమిషాల ముళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మన దేశంలో రైళ్లు చాలా కాలం మద్రాసు టైము ప్రకారం నడిచాయి. 1906 జనవరి 1 నుంచి ఇండియన్ స్టాండర్డ్ టైము వచ్చింది. దాని రేఖ మన కాకినాడ దగ్గరగా పోతుంది.

రైలు తర్వాత ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీతో గంటకింత కూలి. ఇంగ్లీషువాళ్లు టైమును "స్పెండ్" చేస్తారు, "సేవ్" చేస్తారు, "వేస్ట్" చేస్తారు. ఇవన్నీ డబ్బుకు వాడే మాటలే. "టైమ్ ఈజ్ మనీ" అని అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1748లోనే రాశాడు. పల్లెలో మా అవ్వకు ఈ మాటలు తెలియవు. ఆమె ఇప్పటికీ "సద్ది తినే పొద్దుకు", "ఎనుములు ఇంటికొచ్చే పొద్దుకు" అంటుంది. పని లేకపోతే "పొద్దు పోలేదు" అంటుంది. పొద్దు దానంతట అదే పోవాలి గానీ, దాన్ని ఎవరూ ఖర్చు పెట్టరు! పీణ్యలో మేము మాత్రం షిఫ్టు, ఓటీ, హాఫ్ డే అంటూ బతుకుతున్నాం. సగం కూలి పోయిన రోజే "టైమ్ ఈజ్ మనీ" అనే మాట నాకు నిజంగా అర్థమైంది.

దేశానికి టైము చూపించిన వాచీలు తయారైంది కూడా మా పక్కనే. జాలహళ్లిలో 1953లో హెచ్‌ఎంటీ సంస్థ మొదలైంది. జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో చేతి గడియారాలు చేయడం ప్రారంభించింది. 2016లో ఆ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. మా తాత చేతికి ఆ వాచీయే ఉండేది. రోజూ కీ ఇవ్వాలి. ఇప్పుడు అది మా ఇంట్లో ఉంది.

దాన్ని పట్టుకొనే నేను నాయనకు ముళ్లు తిప్పి చూపించాను. ముల్లు కుడివైపు దిగుతుంటే పాస్ట్, ఎడమవైపు ఎక్కుతుంటే టు. "ఆన్ టైమ్" అంటే చెప్పిన టైముకు సరిగ్గా, "ఇన్ టైమ్" అంటే మించిపోకముందే అని కూడా చెప్పాను. నాయన నవ్వి, "అయితే నేను దేనికి పోవాల?" అన్నాడు. "నువ్వు ఇన్ టైమ్ పో నాయనా" అన్నాను.

ఇంగ్లీషు మాటలకు అర్థం ఒక్కటే బట్టీ పడితే చాలదు, చిన్న మాటలను కూడా విడవకూడదు. అర్థం కాకపోతే "మళ్లీ ఒకసారి చెప్పండి సార్" అని అడగడంలో సిగ్గు లేదు. ఆ రాత్రి నేను అలా అడగలేదు. ఇప్పుడు నాయనకు ఫోన్ వస్తే టైమును రెండుసార్లు అడిగి, కాగితం మీద అంకెల్లో 5:45 అని రాసి ఆయన చేతికిస్తున్నాను.